నెలిమా టీచరమ్మ, మామగారి మరుగుదొడ్డి

మబోంగా గారు మరుగుదొడ్డి బయట నిలబడి దగ్గారు. లోపలున్న మనిషి ఆ దగ్గును గుర్తుపట్టింది. గుర్తుపట్టింది కాబట్టి పలకలేదు. పలకలేదు కాబట్టి లోపల ఉన్నదెవరో మబోంగా గారికీ తెలిసిపోయింది. కోడలు కాక మరెవరైనా అయితే "ఉన్నాను" అని ఓ మాట అనేవారే.

తెలిశాక ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోవచ్చు. కానీ వెళ్ళిపోతే, లోపల ఉన్నది కోడలని తనకు తెలిసిందని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని పక్కనున్న రాయి మీద కూర్చుని మసాబా కొండ మీది మబ్బుల్ని పరిశీలించడం మొదలుపెట్టారు. లోపల నెలిమా సంగతి అంతకంటే గట్టిది. మామగారు చూస్తుండగా అలాంటి చోటు నుంచి బయటికి రావడమన్నది మా బుకుసు తెగ కోడళ్ళలో ఎవరూ ఎరగని పని. ఆమె కూడా రేకు తలుపు కన్నంలోంచి అదే కొండని చూస్తూ నిలబడిపోయింది.

సరిగ్గా అప్పుడు మేం వచ్చాం. మేమంటే ఆరోగ్య వాలంటీర్లం. శిక్షణలో భాగంగా ఆదర్శ మరుగుదొడ్డి ఎలా ఉంటుందో టీచరమ్మ ఇంట్లోనే చూపిస్తానంది.

"ములెంబే, కుకా," అని తాత వరసైన పెద్దాయనకి నమస్కారం చెప్పాం. "టీచరమ్మ ఉందా?"

"నాకేం తెలుసు," అన్నారాయన మబ్బుల మీంచి చూపు తిప్పకుండా.

"మరుగుదొడ్డి చూడ్డానికొచ్చాం."

"అదుగో. చూడండి. బయటినుంచి చూడండి."

బయటినుంచే చూశాం. తలుపు బాగుందన్నాం. పైకప్పు బాగుందన్నాం. నా స్నేహితురాలు నమయెంబా లోపల కూడా బాగుందేమో చూద్దామని తలుపు మీద చెయ్యి వేసింది. మబోంగా గారు ఒక్కసారిగా ఎంత గట్టిగా దగ్గారంటే, నమయెంబా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

ఇంట్లోంచి ఆయన భార్య నంజాలా అరుపు వినబడింది కాబట్టి సరిపోయింది. ఆవు చిక్కుడు మడిలో పడిందట. మబోంగా గారు లేచి, చొక్కా సర్దుకుని, జీవితంలో ఏ ఆవు మీదా చూపించనంత ప్రేమతో దాని వైపు నడిచారు. ఆయన గొడ్లచావిడి దాటాక తలుపు తెరుచుకుంది. నెలిమా బయటికి వచ్చింది. మొహమంతా చెమట. "ఆలస్యమైంది, రండి," అని పాఠం మొదలుపెట్టింది. ఆ పూట మరుగుదొడ్డి ఊసు మాత్రం ఎత్తలేదు.

నెలిమా మొదట్లో చిన్న బడిలో టీచరు. చేతులు కడుక్కోవడం మీద పిల్లలకి ఓ పాట నేర్పింది. జిల్లా పోటీల్లో ఆ పాటకి కప్పు వచ్చింది. పిల్లలు కప్పు అందుకుని, వేదిక దిగి, అవే మట్టి చేతులతో ఉడకబెట్టిన చిలగడదుంపలు తిన్నారు. అందరూ చప్పట్లు కొడుతుంటే నెలిమా ఆ చేతుల్నే చూస్తూ కూర్చుంది.

"పాట నోటికొచ్చింది, చేతికి రాలేదు," అందట ఇంటికెళ్ళి మొగుడితో. మొగుడు లుస్వేటి సైకిళ్ళు బాగుచేస్తాడు. "అయితే చేతులకి చదువు చెప్పే కాలేజీ ఎక్కడుందో కనుక్కో," అన్నాడు వేళాకోళంగా. ఆమె నిజంగానే కనుక్కుంది. బుంగోమా పట్నంలో సాయంత్రం పూట మనస్తత్వశాస్త్రం చెప్పే కాలేజీ ఉంది. లుస్వేటి బాగుచేసిన సైకిలు మీదే వెళ్ళి వచ్చేది. ప్రతి ఎత్తు దగ్గరా గొలుసు ఊడేది. మనిషికి తెలిసిన పని మనిషి ఎందుకు చెయ్యడో తనకి పుస్తకాల కంటే ముందు ఆ గొలుసే నేర్పిందని అనేది. బిగించాలని మొగుడికి తెలుసు, రోజూ తెలుసు.

చదువయ్యాక ఆరోగ్య శాఖవాళ్ళు వాలంటీర్లకి శిక్షణ తయారుచేసే పని ఇచ్చారు. అంతకుముందు మాకు శిక్షణంటే ఈగ బొమ్మ. గోడంత ఈగ. దాని కాళ్ళు గీసినాయన ఆవు కాళ్ళు గీసి అలవాటున్నవాడల్లే ఉంది. ఆ ఈగ గురించి విని, ఇళ్ళకెళ్ళి ఆ ఈగ గురించే చెప్పేవాళ్ళం. "అవునమ్మా, ఈగ చెడ్డది," అని ఒప్పుకుని టీ ఇచ్చేవాళ్ళు. టీలో ఈగ ఉండేది. మర్యాద కొద్దీ తీసి పక్కన పెట్టి తాగేవాళ్ళం.

నెలిమా వచ్చిన రోజే బొమ్మ చుట్టి బీరువా మీద పెట్టేసింది. మాకు తలా గుప్పెడు గట్టి మిఠాయి బిళ్ళలు పంచింది.

"ఇంటికెళ్ళి ఒక్క ప్రశ్న అడగండి. అడగ్గానే బిళ్ళ నోట్లో వేసుకోండి. అది కరిగేదాకా మీరు మాట్లాడకూడదు."

"వాళ్ళు తప్పు చెబితేనో?" అంది నమయెంబా.

"చప్పరించు."

"మరీ పెద్ద తప్పయితే?"

"గట్టిగా చప్పరించు."

మొదటి ఇంట్లోనే నేను ఆగలేకపోయాను. ఆ ఇల్లాలు పసిపిల్లకి నీళ్ళు పట్టడం గురించి ఏదో అనేసరికి నా నోట్లో బిళ్ళ 'కటుక్కు'మంది. వెనక నిలబడ్డ నెలిమా నా చెవి దగ్గరకొచ్చి, "అక్కా, పళ్ళు మహ గట్టిగా ఉన్నాయే," అంది. నాకు మిఠాయి మీద ఆశే చచ్చిపోయింది.

కానీ ఆ బిళ్ళలు కరిగేలోపు మేం విన్నది అన్నేళ్ళ ఈగ పాఠంలో వినలేదు. చేతులు కడుక్కోవాలని తెలియనివాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు. సబ్బు బయట పెడితే కాకి ఎత్తుకుపోతుంది. లోపల పెడితే, మట్టి చేతులతో లోపలికెళ్ళి తేవాలి, ఎవరు పోతారు? ఇదీ కథ. నెలిమా చిరిగిన మేజోడులో సబ్బు వేసి, ముడేసి, వంటింటి గుమ్మం పక్కన కట్టమంది. కాకికి ముడి విప్పడం రాదు. ఎవరూ ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకుండానే చేతులు తడవడం మొదలైంది. పైఅధికారి సిటాటి గారు వచ్చి మేజోళ్ళ ముందు నిలబడి ఫోటో దిగి వెళ్ళారు.

అక్కడ ఆగితే బాగుండేది. నెలిమాకి కాస్త హుషారెక్కింది. నలుగురి ముందు ఇచ్చిన మాట మనిషిని పట్టి నడిపిస్తుందని ఆమె చదువుకుంది. అది నిజమే. కాబట్టి చర్చి ఆవరణలో ఓ తెల్లదుప్పటి కట్టి, ఇంటి యజమానులందరినీ పిలిపించింది. ఒక్కొక్కరూ అరచెయ్యి ఎర్రమట్టిలో ముంచి, దుప్పటి మీద అద్ది, "మా ఇల్లు మరుగుదొడ్డి వాడుతుంది," అనాలి. టీచరమ్మ మామగారు కాబట్టి మొదట మబోంగా గారినే పిలిచారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. కోడలు ఎదురుగా నిలబడి ఉండగా, ఆ మాటని, ఆ నోటితో, అందరి ముందూ అన్నారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి మర్నాడు పొద్దున్నే వెళ్ళారు. ఆ వెళ్ళినప్పటి దగ్గే మొదట చెప్పింది.

ఆ తర్వాత ఆయన అటువైపు పోలేదు.

"ఇల్లు వాడుతుందని మాటిచ్చాను," అన్నారట భార్యతో. "ఇల్లు వాడుతోంది. నేను ఇల్లునా?"

మళ్ళీ ఏటి ఒడ్డు పొదల్లోకే నడక. మబోంగాకే కుదరనిది మనకేం కుదురుతుందని మిగతా ముసలాళ్ళూ ఒక్కొక్కరే ఆయన వెనక చేరారు. ఊరి తాతలందరూ తెల్లవారగానే ఒకరినొకరు చూడనట్టు నటిస్తూ ఏటి వైపు నడిచేవాళ్ళు. ఈలోగా వానలు మొదలయ్యాయి. పొదల్లోది ఏట్లోకి, ఏట్లోది బిందెల్లోకి. పసివాళ్ళకి మళ్ళీ విరేచనాలు.

సిటాటి గారు ఈసారి ఫోటోగ్రాఫరు లేకుండా వచ్చారు.

"టీచరమ్మా, నాకు నీ మీద కోపం లేదు. కానీ వానలు తగ్గేలోగా ముసలాళ్ళు పొదలు వదలకపోతే నీ శిక్షణ ఆపేస్తారు. వచ్చే బృందానికి మళ్ళీ ఈగ బొమ్మే."

"అదే ఈగా?"

"కొత్తది గీయించారు. కాళ్ళు ఈసారి బాగానే వచ్చాయి. మైకు బండి కూడా ఇస్తున్నారు."

ఆ రోజు నెలిమా మాకు బిళ్ళలు పంచడం మర్చిపోయింది. పిండిమర దగ్గర ఆడవాళ్ళు ఆమెకి వినబడేలాగే అనుకున్నారు: "ఊరందరికీ పాఠాలు. ఇంట్లో మామగారేమో పొదల్లో." ఆమె సంచీ నెత్తికెత్తుకుని వచ్చేసింది. సబ్బు సంగతైతే ఏ ఇంటికైనా వెళ్ళి అడుగుతుంది. ఈ సంగతి అడగాల్సింది సొంత మామగారిని. ఆయనతో ఆమె ఏనాడూ ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. తలొంచుకుని దూరం నుంచి నమస్కారం, అంతే. ఆమె కూర్చున్న పీట మీద ఆయన కూర్చోరు. ఆయన నడిచి వస్తుంటే ఆమె దారి దిగిపోతుంది. అలాంటిది మరుగుదొడ్డి గురించి అడగడమా?

చివరికి అత్తగారితో మొక్కజొన్న పొత్తులు వలుస్తూ అడిగింది. "మాయీ, ముసలాళ్ళు ఎందుకు రావట్లేదు?" అని బిళ్ళ నోట్లో వేసుకుంది.

నంజాలా కోడలి ఉబ్బిన బుగ్గ వైపు చూసింది. "ఇదా నువ్వు చదివొచ్చింది?"

నెలిమా చప్పరించింది.

"సరే విను. నువ్వు కాపరానికొచ్చిన కాణ్ణించీ ఆయన నీ నీడ తొక్కలేదు. నువ్వు కూర్చునే చోటికి ఆయనెలా వస్తాడే? అది చాలదన్నట్టు నలుగుర్లో నిలబెట్టి, చేతికి మట్టి పూసి, ఆ మాట అనిపించావు. ఆ రాత్రి అన్నం తినలేదు తెలుసా? కోడి కందనకాయ కూడా ముట్టలేదు."

నెలిమా బుగ్గ కదలడం ఆగిపోయింది. కందనకాయ ఇంటి యజమానిది. అది వదిలేశారంటే మాటలు కాదు. మేం మూడిళ్ళవతల ఉండి కూడా ఆ సంగతి విన్నాం, ఆమెకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

బిళ్ళ కరిగాక మెల్లగా అంది: "అందర్నీ అడిగాను మాయీ. ఆయన్ని అడక్కుండా మాట తీసుకున్నాను."

"నేనడిగితే ఆవుని చూసొస్తానని పోతాడు. కొడుకు అడిగితే కర్ర తీస్తాడు. ఆయన్ని ఏదైనా అనగలిగిన మనిషి ఒక్కడే. ముఖ్వానా."

మాలో ఒకే ఏడు, ఒకే ఏటి మట్టి పూసుకుని, ఒకే కత్తి ముందు నిలబడి సున్తీ అయిన మగవాళ్ళు చచ్చేదాకా బకోకీలు. భార్య అనలేనిది, పాస్టరు అనలేనిది బకోకీ అనొచ్చు. టోపీ లాక్కోవచ్చు, ముసలి గాడిదా అనొచ్చు. కోపం తెచ్చుకుంటే తెచ్చుకున్నవాడిదే తప్పు. మబోంగా గారి ఈడు బకోకీల్లో నోరున్నవాడు ముఖ్వానా.

చిక్కేమిటంటే, మామగారి బకోకీ కూడా మామగారి వరసే. నెలిమా ఆయన్నీ అడగకూడదు. నాకు మాత్రం ఆయన తాత వరస. తాతని మనవరాలు ఎంతైనా వేళాకోళం ఆడొచ్చు. అందుకని నన్ను పంపింది. తను ముఖ్వానా వంటింట్లో గోడ వెనక, ఆయన కోడళ్ళ పక్కన, బిళ్ళ నోట్లో వేసుకుని కూర్చుంది.

"కుకా, నువ్వు పొదల్లోకే ఎందుకెళ్తావు?" అని అడిగి నేనూ ఓ బిళ్ళ వేసుకున్నాను.

"నాకో?" అని చెయ్యి చాచాడు. ఇచ్చాను. మింగేశాడు. "ఇంకోటియ్యి. అది దారి తప్పింది."

ఇంకోటి ఇచ్చాక చెప్పాడు. "దొడ్డికి దారి వంటింటి ముందునుంచి. నేను లేచానంటే కోడళ్ళంతా చూస్తారు. ఎంతసేపున్నానో కూడా చూస్తారు. మనిషికి మర్యాదుండక్కర్లా? మోకాళ్ళా, వంగవు. పొదల్లోనైతే జామచెట్టు కొమ్మ పట్టుకుంటాను. మీ గదిలో ఏం పట్టుకోను, ఈగనా? పైగా మీ టీచరమ్మ, పాపం మంచిదే, మా అందరిచేతా ఆడవాళ్ళ ముందు ఆ మాట అనిపించింది. నాకు ఇప్పటికీ ఆ దుప్పటి కల్లోకొస్తుంది."

గోడ వెనక 'కటుక్కు'మంది.

"ఇంట్లో ఎలుకలున్నాయా ఏంటి?" అన్నాడు ముఖ్వానా.

"పెద్ద ఎలుకే కుకా," అన్నాను. "సరే, ఎలా ఉంటే వెళ్తావు?"

ఆ ప్రశ్న ఆయన్ని అంతవరకూ ఎవరూ అడిగినట్టు లేరు. టోపీ తీసి తల గోక్కున్నాడు. తలుపు కొండవైపుండాలి. దారి అరటితోటలోంచి ఉండాలి. ఆడవాళ్ళెవరూ ఆ చుట్టుపక్కలకి రాకూడదు. పట్టుకోవడానికి ఓ గుంజ. తర్వాత ఇంకాస్త ఆలోచించి, గుంజెందుకు, అడుగు చిల్లిపడ్డ కుర్చీ ఒకటి అటక మీదుంది, చిల్లి ఇంకొంచెం పెద్దది చేస్తే సరి అన్నాడు. కళ్ళు మెరిశాయి. కొడుకుల్ని కేకేశాడు.

బయటికొచ్చాక నెలిమా మా అందరికీ ఒకటే మాట చెప్పింది. "రోగం అనొద్దు, ఈగ అనొద్దు. నా పేరు అసలే అనొద్దు. ఈ తాతని మా ఇంటికి బుసా కల్లు తాగడానికి రానివ్వండి, చాలు."

చిక్కుళ్ళ కోత అయ్యాక మబోంగా గారింట్లో బుసా కుండ పెట్టారు. ముసలాళ్ళు చుట్టూ కూర్చుని బారెడు గొట్టాలు కుండలోకి వదిలారు. కుండలో వేణ్ణీళ్ళు పోసే పని నాది. అందువల్ల ఈ మాటలన్నీ నా చెవులతో విన్నవే.

"ఒరే మబోంగా," అన్నాడు ముఖ్వానా. "ఏటి ఒడ్డున ఉడుం నీ గురించి అడుగుతోంది రా. నువ్వో పూట ఆలస్యమైతే బెంగపెట్టుకుంటోందట."

"అది అడిగేది నిన్ను. నిన్ను చూసి తన చుట్టమనుకుంటోంది."

"నేనెందుకు పోతాన్రా అక్కడికి? నాకు కుర్చీ ఉంది."

"ఏం కుర్చీ?"

"నడిమధ్య చిల్లున్న కుర్చీ. కూర్చుంటే ఎదురుగా మసాబా కొండ. వెనక అరటితోట. ఏ కోడలికీ దారి కూడా తెలీదు. పైన రేకు. వాన పడితే చప్పుడు వింటూ కూర్చుంటాను. మీరు తడవండి నాయనా, మీకలవాటేగా."

కుండ చుట్టూ గొట్టాలు పీల్చడం ఆగింది.

"నీ మొహానికి కుర్చీ ఒకటా!" అన్నారు మబోంగా గారు. "కత్తి ముందు నిలబడ్డ రోజు నీ కాళ్ళు వణికాయి, మర్చిపోయావా?"

"వణికింది నేల రా. పక్కన నువ్వు నిలబడ్డావుగా."

నేను నీళ్ళ కెటిల్ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాను. అక్కడ నెలిమా, నంజాలా ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి, నోట్లో కొంగులు కుక్కుకుని ఊగిపోతున్నారు.

బుసా అయిపోగానే ముసలాళ్ళందరూ వరసగా కుర్చీ చూడ్డానికి బయల్దేరారు. ఒక్కొక్కరే లోపలికెళ్ళి, ప్యాంటూ టోపీతో సహా కూర్చుని చూసి వచ్చారట. మబోంగా గారు అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నారట. బయటికొచ్చి, "కుర్చీ వంకరగా ఉంది. మాసినట్టు కూడా ఉంది," అని తీర్పు చెప్పారు.

మర్నాడు చేతికర్ర పట్టుకుని తన స్థలమంతా తిరిగారు. చివరికి కాఫీ మొక్కల వెనక ఓ చోట కర్ర గుచ్చి, కొడుకు లుస్వేటిని పిలిచి, "ఇక్కడ," అన్నారు. లుస్వేటి తవ్వాడు.

గది లేస్తుండగా మబోంగా గారు వసారాలో కూర్చుని గోడకి చెబుతున్నట్టు భార్యతో అన్నారు: "ఆ మనిషితో చెప్పు. పట్టుకునే గుంజ ఎడంవైపుండాలి."

గోడకి ఇవతల అరటికాయలు చెక్కు తీస్తున్న నెలిమా, అత్తగారితో అంది: "మాయీ, వారికెటువైపు కావాలో అటువైపే పాతించుకోమనండి. కుర్చీ నునుపు చెయ్యడానికి వడ్రంగిని పిలవమంటారేమో అడగండి."

"పిలవమను," అంది గోడ.

"మీ ఇద్దరి మధ్యా నేను టెలిఫోను తీగనయ్యాను," అంది నంజాలా. కానీ ఆ రాత్రి కోడి వండింది. కందనకాయ మిగల్లేదు.

ఇక ముసలాళ్ళు ఆగలేదు. ఒకడు తలుపుకి నీలం రంగు వేశాడు. ఒకడు లోపల రేడియో తగిలించుకోవడానికి మేకు కొట్టించాడు. ముఖ్వానా ఇది చూడలేక తన కుర్చీకి చేతులు పెట్టించాడు. వానలు తగ్గుముఖం పట్టేసరికి ఏటి దారిలో గడ్డి మొలిచింది. సిటాటి గారు తనిఖీకి వస్తే ఆయన చెయ్యి పట్టుకుని ఒక్కో తాతా తన గది దగ్గరికి లాక్కెళ్ళాడు. మూడు చోట్ల ఆయన్ని కూర్చోబెట్టారు కూడా.

"ఇది నీ శిక్షణలో ఎక్కడుంది టీచరమ్మా?" అన్నారాయన బట్టలు దులుపుకుంటూ.

"లేదండీ. ఇప్పుడు పెడుతున్నాను."

ఆయన కాసేపు తల పంకించారు. "వచ్చే బృందాన్ని కూడా నువ్వే చూడు మరి. మైకు బండి వెనక్కి పంపించేస్తాను."

ఆమె ఆ మాట విని మా వైపు తిరిగి, ఏమీ జరగనట్టు, బిళ్ళలు పంచడం మొదలుపెట్టింది. కానీ రెండు బిళ్ళలు కింద పడ్డాయి. నమయెంబా ఏరుకుని దాచుకుంది.

కొత్త శిక్షణలో ఇప్పుడు మొదటి పాఠం ఇదే: ఊళ్ళో ఎవర్ని ఎవరు వెక్కిరించవచ్చో తెలుసుకోకుండా ఏ ఇంటి గడపా తొక్కకూడదు. తెల్లదుప్పటి ఉతికించి, చర్చికి తిరిగి ఇచ్చేశారు.

నేను ఈమధ్య ఓ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. నెలిమా టీ వడకడుతోంది. లుస్వేటి వాకిట్లోంచి విసురుగా వచ్చాడు.

"నాన్న తన దొడ్డికి తాళం వేశాడు. తాళం చెవి మెళ్ళో వేలాడేసుకున్నాడు. తవ్వింది నేను, అడిగితే 'నీ పెళ్ళాం దారిన నువ్వు పో' అంటాడు. ఆ దారిన పోతే, నీ వాలంటీర్లు పాఠం అంటూ తలుపు ముందు బారు తీరి ఉంటారు. ఊరందరికీ చోటు చూపించావు, నేనెక్కడికి పోను?"

నెలిమా టీ గిన్నె దించింది. "గునపం తలుపు వెనకుంది, చోటు నువ్వే చూసుకో."